నాలుగు వెంట్రుకల కొండ

మా బెలూన్ హాల్లోకి బంగారం రాకూడదు. వెండీ రాకూడదు. గాజులు, మెట్టెలు, పిన్నీసులు, పెరిగిన గోళ్లు, ఏవీ రాకూడదు. గుమ్మం దగ్గరి చెక్కపెట్టెలో అన్నీ తీసిపెట్టి, కాళ్లు కడుక్కుని, ఆ తర్వాతే లోపలికి. అక్కడ బల్లల మీద పరిచి ఉండే ప్లాస్టిక్ ఉల్లిపొరంత పల్చన. గాజు అంచు ఒక్కసారి గీసుకుందా, నలభై కిలోమీటర్ల ఎత్తున ఆ గీత చిరుగవుతుంది. రెండేళ్ల కష్టం పోయి ఏ కందిచేలోనో కూలుతుంది. రైతులు మాత్రం సంబరపడతారు, గడ్డివాము మీద కప్పుకోవడానికి పట్టా దొరికిందని.

నా పేరు రాజలింగం. నగరం అంచున ఉన్న ఈ కేంద్రంలో బెలూన్లకు గాలి నింపే పని నాది. నా భార్య బాలమణిది అతుకుల పని. పెద్ద బెలూన్ అంటే నూటపన్నెండు తొనలు. బత్తాయి తొనల్లా కోసిన ప్లాస్టిక్‌ను పక్కపక్కన పెట్టి వేడి చక్రంతో అతుకుతారు. ఒక్కో అతుకు ఐదువందల అడుగులు. అతికిన ప్రతిదాన్నీ ఈ చివరి నుంచి ఆ చివరిదాకా వేలితో తడిమి చూడాలి. ఇరవై ఆరేళ్లుగా ఆ తడిమే పని బాలమణిదే. ఒకసారి దీనికోసం యంత్రం తెప్పించి పోటీ పెట్టారు. యంత్రం ఏడు రంధ్రాలు పట్టింది. బాలమణి తొమ్మిది పట్టి, "ఇంకోటి ఉన్నట్టున్నది, సల్లవడ్డంక మల్ల జూస్త" అంది. ఇప్పుడు ఆ యంత్రం మీద మేం చాయ్ గ్లాసులు పెట్టుకుంటాం.

అన్నీ తీస్తారు గాని, పుస్తెలు తీయమంటే ఏ ఆడమనిషి ఒప్పుకుంటుంది? అందుకు మా హాల్లో ఒక పద్ధతి ఏర్పడింది. బంగారు పుస్తెలు ఇంట్లో దేవుడి దగ్గర పెట్టి, పసుపుతాడుకు ఒక పసుపుకొమ్ము కట్టుకుని పనికొస్తారు. "బయట బంగారం మొగుణ్ణి, లోపల పసుపుకొమ్ము మొగుణ్ణి" అని నేను ఎగతాళి చేసేవాణ్ని. "రెండూ అరిగేటియే" అనేది బాలమణి.

కథంతా ఆ కొమ్ము దగ్గరే మొదలైంది. ఒక శుక్రవారం ఆమె తాడుకు కొత్త కొమ్ము కట్టుకుని, దండిగా పసుపు రాసుకుని వెళ్లింది. నలభై ఏడో అతుకు మీదికి వంగినప్పుడు తాడు రవికలోంచి జారింది. కొమ్ము ప్లాస్టిక్‌ను ఒరుసుకుంటూ పోయింది, దాని వెనకే వేడి చక్రం పోయింది. చూసుకునేసరికి ముప్పై అడుగుల పొడవునా పచ్చటి చార, రెండు పొరల మధ్య అతుక్కుపోయి ఉంది. రూలు ప్రకారం ఆ అతుకు కోసేసి మళ్లీ వేయాలి. బాలమణి వేలితో తడిమింది. అతుకు గట్టిగానే ఉంది. నోరు మూసుకుని తర్వాతి తొనకు పోయింది. ఆ సాయంత్రం నాకు చెబితే, నేను కూడా ఆ నోరు అలాగే మూసుకుని ఉండమన్నాను. మొగుళ్ల సలహాలు సాధారణంగా ఇంతకంటే గొప్పగా ఉండవు.

ఆ బెలూన్ డాక్టర్ హైమవతి మేడం దూరదర్శినిని మోసుకుపోయింది. ఆమె చూసేది ఒక న్యూట్రాన్ నక్షత్రాన్ని. పెద్ద నక్షత్రం ఒకటి చచ్చి, తనలోకి తాను కుంగి, చార్మినార్ నుంచి మా కేంద్రం దాకా ఉన్నంత వెడల్పు గుండుగా మిగిలింది. బరువు మాత్రం ఒకటిన్నర సూర్యులంత. దాని పక్కన ఇంకో నక్షత్రం తిరుగుతుంటుంది. ఆ పక్కదాని ఒంటి నుంచి ఇది పదార్థాన్ని లాక్కుంటుంది, అది వచ్చి పడ్డచోట ఎక్స్ కిరణాలు చిమ్ముతుంది. గుండు తిరిగే కొద్దీ ఆ వెలుగు మనవైపు వచ్చి పోతుంటుంది. ఇలాంటివి చాలావరకు గిరగిరా తిరుగుతాయట. ఇది ఒక్క చుట్టుకు నాలుగున్నర నిమిషాలు తీసుకుంటుంది కనుక మేడం దానికి మందగొడి అని పేరు పెట్టింది. ఎక్స్ కిరణాలు మన గాలిని దాటి కిందికి రావు. అందుకే గాలి పైకి బెలూన్.

బెలూన్ సరిగా ఉబ్బిందో లేదో చూడటానికి ఒక చిన్న కెమెరా పైకి చూస్తూ ఉంటుంది. అది తీసిన బొమ్మలు పట్టుకుని మేడం చెప్పులతోనే హాల్లోకి పరుగెత్తుకొచ్చింది. చెప్పులతో హాల్లోకి రావడం మా దగ్గర మహాపాపం.

"నలభై ఏడో అతుకు ఎవరిది?"

మేడం బొమ్మలను మా ముందు పట్టింది. చీకట్లో తీసిన బొమ్మల్లో బెలూన్ అంతా నల్లగా ఉంది, ఒక్క గీత మాత్రం వెలుగుతోంది. మెల్లగా వెలిగి మెల్లగా ఆరుతోంది. నాలుగున్నర నిమిషాలకు ఒకసారి.

"నాదే మేడం" అంది బాలమణి. "పసుపు వడ్డది. నౌకరిల కెల్లి తియ్యకుండ్రి."

మేడం ఆ బండల మీదే కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. ఉద్యోగం పోయిందో ఉందో తెలియక మేమందరం బిక్కమొహాలు వేసుకుని నిలబడ్డాం.

ఆ తర్వాత ఎనిమిది నెలలు మేడం ప్రయోగశాలలో పసుపు తప్ప వేరే వాసన లేదు. కొట్లో కొన్న పసుపు వెలగలేదు. మరపట్టించిన పసుపు వెలగలేదు. చివరికి బాలమణిని కూర్చోబెట్టి, అదే కొమ్ము, అదే చక్రం, అదే ఉక్కపోత పెట్టి మళ్లీ అతుకు వేయిస్తే వెలిగింది. పసుపూ, చక్రం వేడీ, బాలమణి చెమటలోని ఉప్పూ మూడూ కలిస్తేనే ఆ పొర ఎక్స్ కిరణాన్ని పట్టి వెలుగుగా మారుస్తోంది. ఈ సంగతి తెలిసి మా హాల్లో వారం రోజులు ఒకటే నవ్వులు. చెమట ఉప్పు బదులు మేడం ఏదో బరువైన లోహపు ఉప్పు కలిపితే వెలుగు వందరెట్లయింది. దానికి మేం పెట్టుకున్న పేరు మందు.

"ఇక జానెడు దూరదర్శిని ఎందుకు?" అంది మేడం. "బెలూన్ మొత్తం కన్నే అవుతుంది. వంద మీటర్ల కన్ను."

పని మొదలైంది. మందును కుంచెతో పూస్తారు, చక్రంతో అతుకుతారు, మందు పొర గట్టిపడితే రంధ్రం దొరకదు కనుక అది చల్లారక ముందే బాలమణి వేలితో తడుముతుంది. చేతితొడుగు వేసుకుంటే రంధ్రం తెలియదు. ముట్టుకుంటే ప్రమాదం లేదని మేడం ముందే పరీక్ష చేయించింది. చల్లటి మందుకు చేయించింది. వేడి మందు గుణం వేరని అప్పటికి ఎవరికీ తెలియదు.

నాకు తెలిసింది మా వంటింట్లో. ఆదివారం మధ్యాహ్నం బాలమణి జొన్నరొట్టె తడుతోంది. రొట్టె అంచు చిరిగింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె చేతిలో రొట్టె చిరగడం నేను చూడలేదు. చిరిగిన రొట్టెనే పెనం మీద వేసి, చేత్తో సర్దుతూ అలాగే ఉంచింది. కాలుతున్న వాసన వచ్చింది. అది రొట్టె వాసన కాదు.

నేను ఒక్క అంగలో పోయి ఆమె చెయ్యి లాగి నీళ్ల బిందెలో ముంచాను. ఆమె నన్ను వింతగా చూసింది, ఎందుకు లాగావన్నట్టు.

"ఎన్ని దినాలైంది?" అన్నాను.

"అరవయ్యో తొనకాడ తిమ్మిర్లు వట్టినయ్."

"ఇప్పుడు నూటమూడు నడుస్తున్నది గదనే! మరి గిన్ని రోజులు ఎట్ల జూసినవ్?"

"సూపుడు వేలు వోతే నడిమి వేలు. అది వోతే ఉంగరం వేలు. అతుకుల మీద అనుమానం వెట్టుకోకు, ఒక్కటి గూడ తప్పలె." ఎడమచేతి చిటికెన వేలు పైకెత్తి చూపించింది. "ఇగ గిదొక్కటి మిగిలింది."

"చెప్పకపోతివి?"

"జెప్తే ఆపుతరు."

నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. మర్నాడు పొద్దున్నే మేడం గదికి వెళ్లి నోటికొచ్చినట్టు తిట్టాను. ఇరవై ఏళ్లు సలాం కొట్టిన మనిషిని, నీ నక్షత్రం మండిపోను అన్నాను. ఆమె లేచి నేరుగా హాల్లోకి నడిచి, మందు డబ్బాలన్నీ తన చేతులతో మూసేసింది. "తప్పు నాది. కాగితం మీద కూడా అలాగే రాస్తాను" అంది. ఆ మధ్యాహ్నమే మమ్మల్ని ఆస్పత్రికి తీసుకుపోయింది. వేళ్ల కొసల్లో నరాలు చచ్చుబడ్డాయన్నాడు డాక్టర్. మళ్లీ రావచ్చు, రాకపోవచ్చు. ఆ మందు ఇంకొకసారి తగిలితే మాత్రం ఆ చిటికెన వేలు కూడా పోతుంది.

ఆస్పత్రి బయట బెంచీ మీద బాలమణి మేడంను నిలదీసింది. "బెలూన్ ఇడుస్తరా, ఇడువరా?"

"విడవను" అంది మేడం. "మీ చేతులు పోగొట్టి నేను దేన్ని చూడాలి?"

"పోయినయి ఎట్లైన పోయినయి. అసలు అక్కడ ఏమున్నదో ఒక్కసారి జెప్పుండ్రి మేడం. గిన్నేండ్లల్ల మాకెవ్వరు జెప్పలె."

మేడం బెంచీ మీద ఆమె పక్కన కూర్చుంది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. "ఆ గుండు మీద లాగే బలం ఎంతంటే, అక్కడ ఏదీ తలెత్తి నిలబడలేదు. అక్కడ ఉండగలిగిన పెద్ద కొండ ఎత్తు నాలుగు వెంట్రుకల మందం. మన వెంట్రుకలే. ఆ కొండ ఉంటే మందగొడి తిరిగేటప్పుడు వెలుగు ఎక్కే తీరులో, దిగే తీరులో రవ్వంత తేడా వస్తుంది. ఆ తేడాను పట్టే కన్ను ఇంతవరకు ఎవరికీ లేదు. ఈ బెలూన్‌కు ఉంది."

"ఎంత దూరముంటది?"

"వెలుగే ఆరువేల ఏళ్లు నడవాలి."

బాలమణి తన వేళ్లు చూసుకుంది. "ఆరువేల ఏండ్ల దూరంల నాలుగెంటికెల మందం" అంది. "గది సూసుడు గాదు మేడం. తడుముడు." వేళ్లు ముడిచి, "కానియ్యుండ్రి" అంది.

మిగిలిన తొమ్మిది అతుకులు మందు లేకుండా వేయాలని తేలింది. ఒక్క చిటికెన వేలితో ఐదువందల అడుగులు తడమడం బాలమణికి సాధ్యం కాదు. మరి వాటిని తడిమేదెవరు? తక్కిన ఆడవాళ్లకు చక్రం పనే తెలుసు. బాలమణి నావైపు చూసింది. నా వేళ్లు గొట్టాలు తిప్పి తిప్పి కాయలు కాచినవి. పదిరోజులు వాటికి వేడినీళ్లు, వెన్న, తిట్లు పట్టించింది.

"కండ్లు మూసుకో. ఒత్తకు. వేలు నువ్వు జరపకు, అదే పోతది. ఏం దొరికింది?"

"ఏం లేదు."

"ఉన్నది. వెనుకకు రా" అంది, అక్కడ తన చిటికెన వేలు ఆనించి చూసి.

ఉంది. ఇసుక రేణువులో సగం కూడా లేని బుడిపె. అది నా వేలికి తగిలినప్పుడు నా ఒళ్లు ఝల్లుమంది. ఈమె ఇరవై ఆరేళ్లుగా ఎంత పెద్ద లోకంలో తిరుగుతోందో నాకు ఆ రోజు అర్థమైంది. ఒకచోట రెండు పొరల్లో ఒకటి గుంజుకుపోయి సన్నటి ముడత లేచింది. దాని మీద బాలమణి నా వేలును పదిసార్లు నడిపించింది. "యాది వెట్టుకో. ఒక పక్క నిలువుంటది, ఒక పక్క జారుడుంటది. అతుకు ఇడిసే ముంగట గిట్లనే లేస్తది" అంది. ఆ అతుకు కోసేసి మళ్లీ వేయించాం.

బెలూన్ లేచిన రోజు గాలి నింపింది నేనే. అది మూడు గంటల్లో పైకి చేరింది. ఇంకా తెల్లవారలేదు. మైదానంలో దీపాలన్నీ ఆర్పేశారు. మేడం గడియారం పట్టుకుని నిలబడింది. మొదట ఆకాశంలో ఏమీ లేదు. అంతలో దక్షిణం వైపు, చుక్కల మధ్య, ఒక బిళ్ల కనిపించింది. చందమామలో పావు వంతు ఉంటుంది. లేత పసుపు రంగు. అది మెల్లగా వెలుగు పుంజుకుంది, మా నీడలు నేల మీద పడతాయా అనిపించేంత వరకు పుంజుకుంది, తర్వాత అంత మెల్లగానూ ఆరిపోయింది. చీకటి. ఎవరూ కదల్లేదు. నాలుగున్నర నిమిషాలకు మళ్లీ వెలిగింది.

గేటు దగ్గరి వాచ్‌మన్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. నాకు భయమేసింది, ఏడుపొచ్చింది, రెండూ ఎందుకో తెలియలేదు. ఆ వెలుగు అక్కడ బయల్దేరిన నాడు ఈ నేల మీద పసుపు పండించేవాడు ఉన్నాడో లేడో. అది అన్నేళ్లు నడిచి నడిచి వచ్చి, మా ఇంటి దేవుడి గూట్లో ఉండాల్సిన పసుపును తాకి, అందరికీ కనబడేలా వెలుగుతోంది. బాలమణి దుర్భిణి అడిగింది. దాని మరను తిప్పడం ఆమె వేళ్లకు చేతకాలేదు. నేను తిప్పాను.

"తొమ్మిది గీతలు నల్లగున్నయ్" అంది.

"అవి నేను జూసిన అతుకులు."

"మంచిగనే జూసినవ్" అంది, దుర్భిణి దించకుండానే. నా ఉద్యోగంలో నాకు దొరికిన మెప్పు అదొక్కటే, అది చాలు. తూరుపు తెల్లబడేదాకా పదకొండుసార్లు వెలిగింది. పదకొండు సార్లూ మేం నిలబడే చూశాం.

నాలుగు నెలల తర్వాత మేడం మా ఇంటికొచ్చింది. మెత్తటి గుడ్డలో చుట్టిన గాజుపలక ఒకటి తెచ్చింది. లెక్కలన్నీ అయ్యాయి, కొండ దొరికింది. ఆ కొండను పలక మీద పోత పోయించింది. "వెడల్పు తగ్గించాను గాని ఎత్తు తగ్గించలేదు" అంది, చిన్నపిల్లలా ఊగిపోతూ. "అక్కడ ఎంత ఉందో ఇక్కడా అంతే. చూడండి బాలమణి గారూ, పట్టుకుని చూడండి!"

బాలమణి పలకను ఒళ్లో పెట్టుకుని వేళ్లతో నిమిరింది. కుడిచేత్తో ఒకసారి, ఎడమచేత్తో ఒకసారి. ఆ చిటికెన వేలు కూడా చివరికి నిలవలేదు, ఆస్పత్రి నుంచి వచ్చిన నెలకే పోయింది.

"నున్నగున్నది" అంది.

అప్పటికి గాని మేడంకు తను ఏం చేసిందో తట్టలేదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నేను గోడవైపు తిరిగాను.

మళ్లీ తిరిగి చూసేసరికి బాలమణి కళ్లు మూసుకుని పలకను చెంపకు ఆనించుకుని ఉంది. మా బిడ్డ చిన్నప్పుడు జ్వరం ఉందో లేదో అలాగే చూసేది. పలకను చెంప మీద మెల్లగా, అడ్డంగా జరిపింది. ఆగింది. వెనక్కి జరిపింది.

"ఉన్నది" అంది.

మేడం ఏడ్చేసింది. బాలమణి మాత్రం కళ్లు తెరవలేదు. ఆమె మొహంలో నాకు బాగా తెలిసిన హాల్లోని చూపు, అనుమానం చూపు, వచ్చింది.

"గిది ఎట్ల లేసిందంటరు మేడం?"

"పక్క నక్షత్రం నుంచి పడే పదార్థం అక్కడ కుప్ప పడింది. అలాగే అనుకుంటున్నాం."

"కుప్పనైతే నాలుగు దిక్కుల జారుతది. గిది ఒక దిక్కు నిలువున్నది, ఒక దిక్కు జారుడున్నది." పలకను నా చేతికిచ్చింది. "నువ్వు జూడు."

కళ్లు మూసుకున్నాను. ఒత్తలేదు. వేలును దాని దారిన పోనిచ్చాను. ఆ సన్నటి మిట్ట నా వేలికి తెలుసు. పదిసార్లు దాని మీద నడిచింది ఈ వేలు.

"ముడత" అన్నాను.

"ముడతనే" అంది బాలమణి. "ఆ గుండు తోలు గుంజుకపోయింది మేడం. నిలువున్న దిక్కుకు ఇడుస్తది."

ఎంతో చదివిన మనిషి, నవ్వుతుందనుకున్నాను. మేడం నవ్వలేదు. సంచీలోంచి కాగితం తీసి బాలమణి చెప్పింది చెప్పినట్టు రాసుకుంది, తేదీ వేసుకుంది. "ఎప్పుడు విడుస్తుందంటారు?" అని అడిగింది.

"నాకేమెరుక? గిట్ల లేసినంక ఎక్కువ దినాలు మాత్రం ఆగది."

పంతొమ్మిదో రోజు పొద్దున ఫోన్ వచ్చింది. నేను రొట్టెలు తడుతున్నాను. ఇప్పుడు మా ఇంట్లో ఆ పని నాదే. నా రొట్టెలు దేశపటాల్లా ఉంటాయి, అయినా తింటున్నాం. ఫోన్‌ను స్పీకర్‌లో పెట్టాను.

"విడిచింది బాలమణి గారూ!" అంది మేడం. "మందగొడి చర్మం పగిలి సర్దుకుంది. చుట్టు తిరిగే వేగం ఒక్కసారిగా పెరిగింది, ఉపగ్రహాలన్నీ పట్టుకున్నాయి. మీరు చెప్పిన పక్కనే!"

"ఎప్పుడిడిసింది?"

"జరిగింది ఆరువేల ఏళ్ల కిందట. మనకు తెలిసింది ఈ పొద్దున."

బాలమణి పకపకా నవ్వింది. "అంటే నేను చెంప వెట్టేసరికే ఇడిసి కూసున్నదన్నట్టు! గది అక్కడికెల్లి నడుసుకుంట వచ్చేసరికి, నేను ముంగటనే జెప్పిన."

"అవునండీ. ముందే చెప్పారు" అంది మేడం. "నేను రాస్తున్న పరిశోధన పత్రంలో మొదటి పేరు మీదే."

ఆ మాట వింటూ నేను పెనాన్ని మరిచిపోయాను. రొట్టె తిప్పబోయి వేలు కాల్చుకుని "అబ్బా" అన్నాను. బాలమణి నవ్వు ఆగిపోయింది. గబగబా వచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఎంత గట్టిగా పట్టుకుందో ఆమెకు తెలియదు.

"మస్తు గాలిందా?" అంది. తర్వాత, కొంచెం సిగ్గుపడుతూ, "ఎట్లున్నది? జెప్పు" అంది.

పొయ్యి ఆపేశాను. ఆమె పక్కన పీట మీద కూర్చుని, వేలి కొసన మంట ఎక్కడ మొదలైందో, ఎటు పాకుతోందో, ఎక్కడికి వచ్చి చల్లబడుతోందో, ఒక్కొక్క మాటే వెతుక్కుంటూ చెప్పాను. ఆమె కళ్లు మూసుకుని చివరిదాకా వింది.